కారం అంటని చిటికెన వేలు

మధ్యాహ్నం అన్నం తిని మడత కుర్చీలో నడుం వాలిస్తే ఈమధ్య నాకు మనుషుల ముఖాలు గుర్తుకు రావడం లేదు, చేతులు వస్తున్నాయి. పత్తి కాయల మొనలు గీరిన చేతులు, సున్నపురాయి దుమ్ము గీతల్లో ఇంకిపోయిన చేతులు, పెళ్ళి గోరింటాకు ఇంకా ఎర్రగా ఉన్న చేతులు. ఒక్కొక్కటే వచ్చి నా ఒళ్ళో వాలతాయి. ఎవరివో పేరు చెప్పమంటే చెప్పలేను. ఏ వేలు తిమ్మిరెక్కేదో, నిద్రలో లేచి ఏ చేయి దులుపుకునేవాళ్ళో మాత్రం చెప్పగలను. మా ఆయన దీన్ని కునుకు అంటారు. నేనింకా డ్యూటీ దిగలేదని ఆయనకేం తెలుసు!

నేను ఫిజియోథెరపిస్టుని. నరసరావుపేటలో ఒక ఆస్పత్రిలో చేరి అక్కడే రిటైరయ్యాను. ఎప్పుడు చేరాను, ఏ హోదాలో దిగాను అన్నవి ఎవరికీ పనికిరాని సంగతులు. కొత్తగా ఈ పనిలోకి వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "మేడమ్, ఏ మిషన్ మంచిది?" అని అడుగుతుంటారు. మిషన్ల గురించి కంపెనీ వాళ్ళు చెబుతారు. నేను మణికట్టు గురించి చెబుతాను. నా ఉద్యోగంలో నాకు బాగా తెలిసిందేమైనా ఉంటే అదొక్కటే.

నిద్రపోయి చూపించడం

మా గది ఆస్పత్రి వెనక వైపు ఉండేది. కిటికీ తీస్తే లారీల రోడ్డు. పత్తి సీజన్లో దూది పింజలు ఎగిరివచ్చి, నొప్పులకు కాపడం పెట్టే మైనం పాత్రలో పడేవి. మిరప సీజన్లో రోగులూ మేమూ కలిసి తుమ్మేవాళ్ళం. కరుగుతున్న మైనం వాసన, ఫ్యాను తిరిగే చప్పుడు, తెర కదిలినప్పుడల్లా మంచం మీదికి వచ్చి పోయే ఎండ. ఆ గదిలో మధ్యాహ్నం పూట మెలకువగా ఉండటమే పెద్ద ఉద్యోగం. చానాసార్లు నేను ఒక రోగి భుజం పట్టుకుని ఇంకో రోగి మోకాలి గురించి ఆలోచిస్తూ ఉండిపోయేదాన్ని.

నాకు పని నేర్పిన పెద్దాయన్ని మేమంతా మాస్టారు అనేవాళ్ళం. ఆయనకు ముక్కు మీద కోపం. కానీ రోగిని అడిగే పద్ధతి మాత్రం జోల పాడినంత మెత్తగా ఉండేది. చేతులు తిమ్మిరి అని ఎవరు వచ్చినా ముందు మంచం మీద పడుకోమనేవారు. "కళ్ళు మూసుకోండి. ఇంట్లో ఎట్లా నిద్రపోతారో అట్లా పడుకోండి. ఏమీ సర్దుకోవద్దు" అనేవారు. తర్వాత నన్ను పక్కకు పిలిచి, "పగలు ఏం పని చేస్తావని అందరూ అడుగుతారు. రాత్రి నీ చేతులు ఎక్కడుంటాయని అడిగేది మనమే" అనేవారు.

ఒకసారి గురజాల వైపు నుంచి ఒక పెద్దరైతు వచ్చాడు. ఊళ్ళో ఆయన మాట దాటేవాళ్ళు లేరని వెంట వచ్చిన నలుగురూ పోటీలు పడి చెప్పారు. మాస్టారు ఆయన్ని పడుకోమన్నారు. ఆయన కాస్త సిగ్గుపడి, అటు తిరిగి, కాళ్ళు ముడుచుకుని, రెండు పిడికిళ్ళూ గడ్డం కింద దోపుకున్నాడు. ఆ మీసాలకూ ఆ పడకకూ ఎక్కడా పొంతన లేదు. వెంట వచ్చినవాళ్ళు నవ్వు ఆపుకోలేక వరండాలోకి పోయారు. మణికట్లు రాత్రంతా అట్లా మడిచి ఉంచితే ఎంత పెద్దరైతుకైనా తెల్లారేసరికి వేళ్ళు మొద్దుబారతాయి. మాస్టారు ఆయన మణికట్టు కింద ఒక చెక్కపట్టీ పెట్టి, చేయి తిన్నగా ఉండేట్టు గుడ్డ చుట్టి, "రోజూ ఇది కట్టుకుని పడుకోండి" అని పంపించారు. మందు రాయలేదని ఆయనకు కోపం వచ్చింది. నెల తిరక్కుండా నెయ్యి డబ్బా పంపించాడు.

చిటికెన వేలి దారి వేరు

మణికట్టు గీత దాటి అరచేయి మొదలయ్యే చోట లోపల ఒక ఇరుకు దారి ఉంటుంది. కింద ఎముకలు, పైన గట్టి పట్టీ. వేళ్ళను ముడిచే తాళ్ళన్నీ ఆ దారినే పోతాయి. వాటి మధ్య ఒక నరం నలుగుతూ పోతుంది. చేయి తిన్నగా ఉన్నంతసేపు అందరికీ చోటుంటుంది. మణికట్టును లోపలికి మడిచినా, వెనక్కి విరిచినా దారి ఇరుకైపోయి ఒత్తిడంతా నరం మీద పడుతుంది. కాసేపు మడిస్తే ఏమీ కాదు, అందరం మడుస్తాం. గంటల తరబడి మడిచి, పైగా వేళ్ళతో గట్టిగా గిల్లుతూ ఉంటే, ఏళ్ళు గడిచేకొద్దీ ఆ నరం మూగబోతుంది. దీన్నే పుస్తకాలు కార్పల్ టన్నెల్ అంటాయి.

ఆ నరం బొటనవేలికి, చూపుడు వేలికి, నడిమి వేలికి, ఉంగరపు వేలిలో ఒక సగానికి స్పర్శ ఇస్తుంది. చిటికెన వేలి నరం ఆ ఇరుకులోంచి పోదు, దాని దారి వేరు. అందుకే తిమ్మిరి ఎక్కడెక్కడుందో రోగి చేతనే వేలు పెట్టి చూపించాలి. తొందరలో "చెయ్యంతా" అంటారు. చెయ్యంతా అంటే నమ్మొద్దు, ఒక్కో వేలూ అడగండి.

కూర్చునే తీరు, పట్టుకునే తీరు మాత్రమే కారణమని చెప్పేవాళ్ళనూ నమ్మొద్దు. షుగర్ ఉన్నవాళ్ళకు, థైరాయిడ్ ఉన్నవాళ్ళకు, గర్భంతో నీరు పట్టినవాళ్ళకు ఆ దారి తొందరగా ఇరుకవుతుంది. కొందరికి పుట్టుకతోనే ఇరుకు. ఒకే కుప్ప దగ్గర ఒకే తీరుగా కూర్చున్న పదిమందిలో ఇద్దరికే వస్తుంది. మిగతా ఎనిమిదిమందికి ఎందుకు రాలేదంటే నాకు తెలియదు. తెలియదని చెప్పడం మాస్టారే నేర్పారు.

కోర్టు బయట చెట్టు కింద కంప్యూటరు పెట్టుకుని దరఖాస్తులు కొట్టి ఇచ్చే ఆయన ఒకడు వచ్చేవాడు. బల్ల అంచు సరిగ్గా మణికట్టుకు ఒరుసుకునేది, చేతులు వెనక్కి విరిగి ఉండేవి. ఆయన కూర్చునే స్టూలు కింద రెండు ఇటుకలు పెట్టించాను, అంతే. క్వారీలో రాయికి బెజ్జం వేసే మిషన్ పట్టే మనిషి విషయంలో మాత్రం నా వల్ల కాలేదు. మిషన్ అదురుడు అతని మణికట్టులోంచి పోయేదే కాదు. "పని మార్చుకో" అన్నాను. "మార్చుకోటానికి ఇంకో పని ఏదమ్మా? నువ్వు చెబితే రేపట్నుంచి పోతా" అన్నాడు, వెటకారం లేకుండానే. అప్పటినుంచి ఆ మాట అనడం మానేశాను. పని మానమనడం సలహా కాదు, చేతులు దులుపుకోవడం. చేసే పనిలోనే మణికట్టు కాస్త తిన్నగా ఉండే దారి వెతికి ఇవ్వగలిగితే మనకు పని వచ్చినట్టు.

మిరప మంట

ఈ జిల్లాలో పుట్టి పెరిగినవాళ్ళం కాబట్టి మేమందరం కలిసి చేసిన తప్పు ఒకటుంది. మరో చోట ఆ తప్పు ఎవరూ చేయరనుకుంటాను.

మిరపకాయలకు తొడిమలు తీసే పని ఆడవాళ్ళది. నేల మీద కూర్చుని, ముందు కుప్ప పోసుకుని, ఎడం చేత్తో కాయ పట్టుకుని కుడి చేతి బొటనవేలూ చూపుడు వేలూ కలిపి తొడిమ గిల్లుతారు. మణికట్టు లోపలికి ముడుచుకునే ఉంటుంది, పొద్దు గుంకేదాకా. ఇంటికి పోయాక చేతులు మండుతాయి. మజ్జిగలో ముంచుతారు, ఆముదం రాస్తారు, చింతపండు నీళ్ళతో కడుగుతారు. పాలు తాగే పిల్లల్ని ముట్టుకోరు. "కారం చేతులు" అంటే ఇక్కడ ఎవరూ ఇంకో ప్రశ్న అడగరు.

అదే చిక్కు. తొడిమలు తీసే మనిషి చేతులు మండుతున్నాయి అనగానే మిరప మంట అనుకోవడం మాకు అలవాటు. మాస్టారి తర్వాత వచ్చిన మా పెద్ద డాక్టరు గారు విరిగిన ఎముకలు అతికించడంలో దేవుడే. కానీ ఈ ఆడవాళ్ళు వస్తే తలెత్తకుండానే ఒక పూత మందు, బలం మాత్రలు రాసేవారు. "మిరపతో పనిచేస్తూ మండకూడదంటే ఎలాగమ్మా?" అని నవ్వేవారు. వాళ్ళూ నవ్వి పోయేవాళ్ళు. ఆయన చెడ్డవాడని నేను ఎన్నడూ అనను. అందరికీ తెలిసిన జవాబు ముందే సిద్ధంగా ఉంటే మంచి డాక్టరు కూడా చూడటం మానేస్తాడని మాత్రం అంటాను.

పిల్లను ఎత్తుకోని అమ్మమ్మ

నేను రిటైర్ కావడానికి ముందు వానాకాలంలో సునీత అనే అమ్మాయి నడుం నొప్పితో వచ్చింది. పురుడు పోసుకోవడానికి పుట్టింటికి వచ్చి ఉంది. నెలన్నర బిడ్డ, రెండో ఆడపిల్ల. వెంట తల్లి కోటమ్మ. నరసరావుపేటకు ఆటోలో అరగంట దూరంలో వాళ్ళ ఊరు.

సునీతను బల్ల మీద బోర్లా పడుకోమన్నాను. ఆమె బిడ్డను ఎవరికివ్వాలా అని చుట్టూ చూసింది. తల్లి పక్కనే బెంచీ మీద కూర్చుని ఉంది. అయినా సునీత బిడ్డను తీసుకుపోయి తలుపు దగ్గరున్న మా ఆయాకు ఇచ్చింది. కోటమ్మ రెండు చేతులూ కొంగులో దాచుకుని కూర్చుంది. బిడ్డ మీద నుంచి చూపు మాత్రం తిప్పలేదు.

"ఏమ్మా, మనవరాలిని నువ్వు ఎత్తుకోవా?" అన్నాను.

"నాయి కారం చేతులమ్మా. బిడ్డకి మండుద్ది."

బల్ల మీద పడుకున్న సునీత తలెత్తింది. "కారం మానేసి ఎన్నాళ్ళయిందో అడగండి మేడమ్! నా పురుడుకి ముందే మానేసింది. ఇంకా కారమంట, కారం! లాలపోయమంటే పక్కింటి పెద్దమ్మని పిలిచిద్ది. మొదటి పిల్లకి ఐదు నెలలు నేల మీద పెట్టకుండా పెంచింది ఈమేగా? రెండోది కూడా ఆడపిల్లేనని ముట్టుకోబుద్ధి కావటం లేదు. ఆ మాట నోరు తెరిచి చెప్పమనండి."

"ఒసేయ్, అట్టా అనబాకే" అంది కోటమ్మ.  కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. తుడుచుకోవడానికి చెయ్యెత్తి, చేతిని ఒకసారి చూసుకుని, భుజంతో తుడుచుకుంది.

నేను బెంచీ మీద ఆమె పక్కన కూర్చుని కుడి చేయి నా చేతిలోకి తీసుకున్నాను. బొటనవేలి మొదట్లో ఎత్తుగా ఉండాల్సిన కండ పల్లమై ఉంది. అంటే లోపల నరం నలగడం ఏళ్ళ కిందటే మొదలైంది. "ఏ వేలు మండుతోందో చూపించు" అన్నాను. బొటనవేలు చూపించింది, తర్వాత చూపుడు వేలు, నడిమి వేలు. ఉంగరపు వేలికి ఒక పక్క గీత గీసినట్టు చూపించి ఆగింది.

"చిటికెన వేలు?"

"దానికేం లేదమ్మా. అది మంచిగనే ఉంటది."

మిరప కారానికి చిటికెన వేలంటే ప్రత్యేకమైన ప్రేమ ఏముంటుంది? అంటితే ఐదు వేళ్ళకూ అంటుతుంది. అంత చిన్న సంగతి, అంత మంది చేతుల్లో మా కళ్ళముందే ఉంది. చేతుల వెనక వైపులు రెండూ ఆనించి, వేళ్ళు కిందికి వేలాడేట్టు మణికట్లు మడిచి పట్టుకోమన్నాను. నమస్కారాన్ని తిరగేసినట్టుంటుంది ఆ పరీక్ష. నిమిషం సేపు ఉంచాలి. కోటమ్మ అందాకా ఉంచలేక, "చీమలమ్మా, చీమలు" అని చేతులు విడదీసింది.

అప్పుడు మాస్టారి పద్ధతి గుర్తొచ్చి ఆమెను పక్క మంచం మీద పడుకోమన్నాను. ఇంట్లో ఎట్లా పడుకుంటావో అట్లాగే పడుకో, కళ్ళు మూసుకో అన్నాను. ఎన్ని రాత్రుల నిద్ర బాకీ ఉందో, పక్కకు తిరిగి కళ్ళు మూసిన కాసేపటికే నిజంగానే నిద్రపోయింది. బయట సన్నగా వాన. ఫ్యాను గాలికి తెర ఉబ్బుతూ తగ్గుతూ ఉంది. సునీత లేచి కూర్చుని తల్లిని చూస్తోంది.

ముందు మణికట్లు లోపలికి ముడుచుకున్నాయి. తర్వాత వేళ్ళు కదలడం మొదలైంది. బొటనవేలూ చూపుడు వేలూ కలిసి ఏదో గిల్లుతున్నాయి, వదిలేస్తున్నాయి, మళ్ళీ గిల్లుతున్నాయి. ముఖం ప్రశాంతంగా ఉంది. చేతులు మాత్రం కుప్ప దగ్గర కూర్చుని ఉన్నాయి. పని మానేసి అన్నాళ్ళయినా ఆ చేతులకు ఎవరూ ఆ సంగతి చెప్పలేదు. నేను చానా చేతులు చూశాను గానీ, అంత నిశ్శబ్దంగా మనసును పిండేసిన చేతులు అవే. సునీత నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

కోటమ్మ ఉలిక్కిపడి లేచి, రెండు చేతులూ గట్టిగా విదిలించింది. ఈ జబ్బు ఉన్నవాళ్ళు నిద్రలేవగానే చేసే పని అది. నరానికి కాస్త ఊపిరాడుతుంది. చూసేవాళ్ళకు మిరప పొడి దులుపుకుంటున్నట్టే ఉంటుంది.

"కలొచ్చిందమ్మా" అంది, ఇంకా ఎక్కడో ఉన్నట్టు. "పిల్లకి నీళ్ళు పోస్తన్నా. చేతులు మాత్రం ఎవరియో. నా ఒళ్ళోనే ఉండయ్, నాయి కాదు. పిల్ల జారిపోతన్నా వాటికి తెలవటం లా."

మెలకువ పూర్తిగా రాకముందే వచ్చిన ఆ మాట వెనక మిగతాదంతా వచ్చేసింది. పురుడైన పదకొండో రోజున లాలపోయడానికి పీట మీద కాళ్ళు చాపుకుని కూర్చుందట. బకెట్లో బొటనవేలి పక్క రెండు వేళ్ళు ముంచి చూసి సరిపోయిందనుకుందట. చెంబు ఎత్తేలోపల పక్కింటి పెద్దమ్మ నీళ్ళు తాకి కేకేసింది. చెయ్యి కాలే నీళ్ళు. కోటమ్మ వేళ్ళకు ఆ వేడి తెలియలేదు. ఆ క్షణం నుంచి ఆమె బిడ్డను ముట్టుకోలేదు. కారం చేతులన్న మాట నోటికి సులువుగా దొరికింది.

"నాకు చెప్పకూడదా అమ్మా?" అంది సునీత.

"ఏమని చెప్పాలే? అమ్మమ్మ చేతులు చచ్చుబడ్డయ్యంటే మీ అత్తగారోళ్ళు బిడ్డని ఈడ ఉంచనిస్తారా? మర్నాడే తీసకపోరూ? నువ్వేమన్నా అనుకో, కళ్ళ ముందన్నా ఉంటారని ఊరుకున్నా."

సునీత ఆ చేతులు తీసుకుని ముఖానికి ఆనించుకుంది. తల్లికి ఆ చెంప తెలిసిందో లేదో నేను అడగలేదు.

ఐదో నెల లోపల

నేను ఒక ఉపాయం చెప్పాను. "వేళ్ళతో కాకుండా మోచేత్తో నీళ్ళు చూసుకో కోటమ్మా, వేడి తెలుస్తుంది" అన్నాను. అది మంచి సలహానే. ఆమె నవ్వింది. "నీళ్ళయితే మోచేత్తో చూస్తానమ్మా. నూనె రాసిన బిడ్డ చేప మాదిరి జారిద్ది. మోచేత్తో పట్టుకోమంటావా?"

గుంటూరులో నరం పరీక్ష చేయించాం. చేతుల ఆపరేషన్లు చేసే కుర్ర డాక్టరు సూటిగా చెప్పాడు. ఎడం చేతికి రాత్రి పట్టీ కడితే చాలు. కుడి చేతికి ఆ కట్టుతో పని కాదు, మణికట్టు లోపల పైనున్న గట్టి పట్టీని కోసి నరానికి చోటివ్వాలి. బొటనవేలి కండ తిరిగి రాకపోవచ్చు. స్పర్శ రావచ్చు. ఎప్పటికి, ఎంత అన్నది తను చెప్పలేనన్నాడు. చెప్పలేనన్న డాక్టరంటే నాకు గౌరవం. రోగులకు మాత్రం భయం వేస్తుంది.

కోటమ్మ ఆయన్ని ఏమీ అడగలేదు. వరండాలోకి వచ్చాక నన్ను అడిగింది. "ఐదో నెల్లో దీన్ని అత్తగారింటికి పంపాలమ్మా. తర్వాత పిల్ల కూర్చుంటది, కాళ్ళ మీద పోసే ముచ్చట ఇంకుండదు. ఐదో నెల లోపల నా చెయ్యి నాకొచ్చిద్దా? కోసినాక ఉన్నది కూడా పోతే?"

పోదని అన్నాను. వస్తుందని మాత్రం అనలేకపోయాను.

ఆపరేషన్ సాఫీగా అయింది. గాయం మానాక కోటమ్మ వారానికి రెండుసార్లు మా గదికి వచ్చేది. కళ్ళు మూయించి, కంచంలో ధాన్యం పోసి చేయి పెట్టించేదాన్ని. మినుములు, సెనగలు, బియ్యం, సగ్గుబియ్యం. వేళ్ళకు మళ్ళీ అక్షరాలు నేర్పినట్టే ఉంటుంది ఆ పని. మొదట్లో అన్నీ ఆమెకు ఇసకే. మూసిన కళ్ళ వెనక వెతుక్కుంటూ, వేళ్ళు అడుగుకు పోనిచ్చి, తల ఒక పక్కకు వాల్చి ఏదో వింటున్నట్టు కూర్చునేది. నాకూ ఆ మధ్యాహ్నాల్లో ఒక్కోసారి కునుకు పట్టేది. కళ్ళు తెరిచేసరికి ఆమె అట్లాగే వింటూ ఉండేది. ఒకరోజు, "ఎవరో దూరంగా పిలుస్తన్నట్టుందమ్మా, పేరు తెలవటం లా" అంది. ఇంకో వారం సెనగలు పట్టుకుంది. మినుములు పెసలని పొరబడి, తనే నవ్వుకుంది.

ఈలోపల నేను ఆమెతోపాటు పనిచేసిన ఆడవాళ్ళు తొడిమలు తీసే షెడ్డుకు వెళ్ళాను. డ్యూటీ కాదు, ఎవరూ పంపలేదు. కుప్పను నేల మీద కాకుండా నులకమంచం మీద పోయించి, మంచం పక్కన పీటలేయించి కూర్చోమన్నాను. కుప్ప మోచేతి ఎత్తుకు వస్తే మణికట్టు అంతగా ముడుచుకోదు. మధ్యమధ్య ఆపి చేతులు చాపమన్నాను. "ఏందమ్మా, మంచమెక్కి మిరపకాయలు గిల్లాలా? మారాణుల్లా ఉందిలే!" అని ఆటపట్టించారు. కొందరు మళ్ళీ నేల మీదికే దిగారు. ఎంతమంది చేతుల్లో చిటికెన వేలు ఒక్కటే మండకుండా మిగిలిందో అక్కడే తెలిసింది. మా పెద్ద డాక్టరు గారికి ఆ సంగతి చెప్పాను. ఆ తర్వాత నుంచి పూత మందు రాసే ముందు ఆయన చిటికెన వేలు అడగడం నేను విన్నాను.

ఐదో నెల వచ్చింది. సునీత ఆదివారం బయలుదేరుతుందని, ముందు రోజు పొద్దున్నే రమ్మని కోటమ్మ కబురు చేసింది. వెళ్ళేసరికి పెరట్లో కట్టెల పొయ్యి మీద నీళ్ళు కాగుతున్నాయి. పొగలోంచి ఎండ ఏటవాలుగా దిగుతోంది. పిల్ల ఒంటినిండా నూనె. పక్కింటి పెద్దమ్మ ఎందుకైనా మంచిదని పక్కనే నిలబడింది. కోటమ్మ చీర మోకాళ్ళ దాకా లాక్కుని పీట మీద కూర్చుని కాళ్ళు చాపింది. సునీత తోడిన నీళ్ళ బకెట్ తెచ్చి పెట్టింది. తను ముందే మోచేత్తో చూసుకుందని నాకు సైగ చేసింది. అంటే నీళ్ళు గోరువెచ్చగానే ఉన్నాయి. తల్లికి తెలిసినా తెలియకపోయినా బిడ్డకేం కాదు. ఆ పిల్ల తెలివికి నాకు ముచ్చటేసింది.

కోటమ్మ కుడి చేతి చిటికెన వేలు మడిచి, మిగతా వేళ్ళు బకెట్లో ముంచింది. కళ్ళు మూసుకుంది, కంచం ముందు మూసుకున్నట్టే. వేళ్ళు నీళ్ళలో మెల్లగా అటూ ఇటూ తిరిగాయి.  

ఉన్నట్టుండి ఆమె కళ్ళు తెరిచి కూతురి మీద గయ్యిమంది.

"ఏమే, ఇయ్యేం నీళ్ళే? చల్లారిపోయినయ్! ఈ నీళ్ళు పోస్తే పిల్లకి జలుబు చెయ్యదూ? ఇద్దర్ని కన్నావ్, నీళ్ళు తోడటం కూడా రాకపాయె. పో, కాగేయి ఇంకో చెంబు పట్రా!"

తిట్లు తిన్న సునీత పొయ్యి దగ్గరికి పరిగెత్తింది. చెంబు ముంచుతూ ఏడుస్తోంది, నవ్వుతోంది. "ఇంకో చెంబు చాలా అమ్మా? చూసి చెప్పు, చూసి చెప్పు" అంటోంది. కోటమ్మ బిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, కుడి అరచేతిని దాని వీపు కింద పెట్టింది.